తేనెటీగ విషం కణపు పొరలో ఎంత లోతుకు దిగుతుంది?

తేనెటీగ విషాన్ని ఆరబెడితే మిగిలే పొడిలో దాదాపు సగం మెలిటిన్ అనే చిన్న పెప్టైడే. 26 అమైనో ఆమ్లాల గొలుసు అది. అందులో ట్రిప్టోఫాన్ ఒక్కటే, 19వ స్థానంలో. ఫ్లోరోసెన్స్ (కాంతి పడితే పదార్థం తిరిగి వెలగడం) పని చేసేవాళ్లకు అదే కావాలి: వెలుగు గొలుసులో ఎక్కడి నుంచి వచ్చిందన్న తగాదా ఉండదు.

అతినీలలోహిత కాంతి పడగానే ట్రిప్టోఫాన్‌లో విద్యుదావేశాల అమరిక మారుతుంది. చుట్టూ నీళ్లుంటే ఆ అణువులు దానికి తగ్గట్టు సర్దుకుంటాయి. అందులో కొంత శక్తి పోయి, వెలుగు 350 నానోమీటర్ల దగ్గర బయటికొస్తుంది. కొవ్వు పొరను చేరితే సర్దుకునే నీళ్లు తక్కువ కాబట్టి శిఖరం (వెలుగు అత్యధికంగా ఉండే తరంగదైర్ఘ్యం) 335 వైపు జరుగుతుంది. ఇది చూసి ‘ప్రోటీన్ పొరలోకి దిగింది’ అని రాసేయడం తొందరపాటు. పొర పైభాగాన అడ్డంగా పడుకున్నా శిఖరం ఇలాగే జరుగుతుంది.

ముందు ప్రయోగం కోసం చిన్న గోళాల రూపంలో కృత్రిమ పొర తయారు కావాలి. క్లోరోఫామ్‌లో కరిగిన పీఓపీసీ అనే కొవ్వును, అంటే లిపిడ్‌ను గాజు గొట్టంలో నైట్రోజన్ ఊదుతూ ఆరబెట్టి, కనీసం రెండు గంటలు వాక్యూమ్‌లో ఉంచాలి. 10 మిల్లీమోలార్ హెపెస్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే రసాయనం), 150 మిల్లీమోలార్ ఉప్పు ఉన్న, పీహెచ్ 7.4 బఫర్ పోసి బాగా కలిపి, 100 నానోమీటర్ల రంధ్రాల పాలికార్బొనేట్ ఫిల్టర్ గుండా 21 సార్లు నెట్టాలి. సరిసంఖ్య పనికిరాదు. ఫిల్టర్‌కు రెండు వైపులా సిరంజి ఉంటుంది; చివరికి ద్రావణం రెండో సిరంజిలో ఉండాలి, లేకపోతే వడపడని పెద్ద గోళాలు కలిసిపోతాయి.

క్వార్ట్జ్ క్యువెట్‌లో 2 మైక్రోమోలార్ మెలిటిన్ తీసుకుని, 25 డిగ్రీల దగ్గర ముందు లిపిడ్ లేకుండా కొలవాలి. శిఖరం 350 దగ్గర లేకపోతే అక్కడే ఆగాలి. ఉప్పు గానీ పెప్టైడ్ గానీ ఎక్కువైతే మెలిటిన్ నాలుగేసి గుంపు కడుతుంది. అప్పుడు చుక్క లిపిడ్ లేకపోయినా శిఖరం నీలం వైపు జరిగి మోసం చేస్తుంది.

తర్వాత లిపిడ్‌ను 20 మైక్రోమోలార్ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు ఆగి కొలవాలి. 295 నానోమీటర్ల కాంతి వాడితే నీళ్లే చెదరగొట్టే కాంతి, అంటే నీటి రామన్ శిఖరం, 328 దగ్గర, సరిగ్గా మనం చూడాల్సిన చోట పడుతుంది. 280తో అయితే అది 310 దగ్గరే ఉండిపోతుంది. మెలిటిన్‌లో టైరోసిన్ (280 దగ్గర తానూ వెలిగే మరో అమైనో ఆమ్లం) లేదు కాబట్టి 280 వాడినా ఇబ్బంది లేదు. ఏది వాడినా పెప్టైడ్ లేని లిపిడ్ స్పెక్ట్రమ్‌ను తీసివేయాల్సిందే. లిపిడ్ గోళాలు కాంతిని చెదరగొట్టి వెలుగును తగ్గిస్తాయి కూడా. పొరకు అంటని, ట్రిప్టోఫాన్ లాంటి చిన్న అణువైన ఎన్-అసిటైల్ ట్రిప్టోఫానమైడ్‌కు ఇదే కొలతలో లిపిడ్ కలిపి, దాని వెలుగు ఎంత తగ్గిందో చూస్తే సవరణ దొరుకుతుంది.

లోతు తేలేది వెలుగును ఆర్పే పదార్థాలతోనే. నీళ్లలో ఉండే అక్రిలమైడ్‌ను 0.2 మోలార్ దాకా కొద్దికొద్దిగా కలిపితే, నీటికి అందుబాటులో ఉన్న ట్రిప్టోఫాన్ ఎక్కువగా ఆరుతుంది. ఇక్కడ మాత్రం 295 తప్పదు, 280 దగ్గర అక్రిలమైడే కాంతిని మింగేస్తుంది. అయోడైడ్ కూడా వాడతారు గానీ, మెలిటిన్‌కు ధనావేశం ఉంది కాబట్టి రుణావేశపు అయోడైడ్ దాని చుట్టూ మూగుతుంది. లెక్క తప్పుతుంది.

లోపలి వైపు నుంచి చూడాలంటే కొవ్వు తోకల మీద వెలుగును ఆర్పే బ్రోమిన్ ఉన్న లిపిడ్లు కావాలి. 6-7, 9-10, 11-12 కార్బన్ల మీద బ్రోమిన్ ఉంటే, అది పొర మధ్య నుంచి సుమారు 11, 8, 6 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉంటుంది. ఏ లిపిడ్ ఎక్కువ ఆర్పిందో ట్రిప్టోఫాన్ ఆ లోతుకు దగ్గర. పెప్టైడంతా పొరకు అంటుకుందని ముందే రూఢి చేసుకోవాలి. నీళ్లలో మిగిలినది ఆరదు, లోతు తప్పు చూపిస్తుంది. బ్రోమిన్‌కు బదులు జతలేని ఎలక్ట్రాన్ ఉన్న స్పిన్ లేబుల్ లిపిడ్లతో ఇలా లోతు లెక్కకట్టే పారలాక్స్ పద్ధతిని 1987లో అమితాభ చట్టోపాధ్యాయ్, ఎర్విన్ లండన్ ప్రచురించారు. చట్టోపాధ్యాయ్ ఆ తర్వాత హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలో చేసిన పనిలో, పొరలోని మెలిటిన్ ట్రిప్టోఫాన్ చుట్టూ కదలిక బిగిసిన వాతావరణం ఉందని తేలింది.

పెద్ద ప్రోటీన్లలో ట్రిప్టోఫాన్లు చాలా ఉంటాయి. అక్కడ సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని ఒకే చోట మిగిల్చి, దానికి ఎన్‌బీడీ తగిలిస్తారు. నీళ్లలో మసకగా, పొరలో ప్రకాశంగా వెలిగే రంగు అది. ఇలా అమైనో ఆమ్లాలను వరుసగా పరీక్షిస్తే, పెర్‌ఫ్రింగోలైసిన్ అనే బాక్టీరియా విష ప్రోటీన్‌లో పొరను దాటే భాగాన ఒకటి విడిచి ఒకటి వెలుగుతాయి: ఒక వైపు కొవ్వుకు, మరో వైపు నీటికి తిరిగి ఉండే బీటా పట్టీ (చాచిన గొలుసు) గుర్తు అది. అయితే రంగు తగిలించాక కూడా ఆ ప్రోటీన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుందో లేదో ముందు చూసుకోవాలి.