ఏ జాతికి ఏ గ్రహం? స్పేస్ స్ట్రాటజీ గేముల్లో అపోహలు - వాస్తవాలు

మాదాపూర్, గచ్చిబౌలి వైపు గేమ్ డిజైన్‌లోకి, టెస్టింగ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లతో మాట్లాడితే గ్రహాల విషయంలో దాదాపు అవే మాటలు వినిపిస్తాయి. ఒక జాతికి ఎడారి ఇష్టం, ఇంకో జాతికి సముద్రం ఇష్టం అని ఉంటే అదంతా కథకు అందం కోసం పెట్టారనుకుంటారు. నిజానికి ఒక గ్రహం ఒక జాతికి ఎంత సరిపోతుందన్నది గేము నివాసయోగ్యత అనే శాతంగా లెక్కిస్తుంది. ఆ ఒక్క అంకె మీదే జనాభా ఎంత త్వరగా పెరుగుతుందన్నది ఆధారపడి ఉంటుంది. ఈ గేముల్లో జనాభా పెరిగే వేగమే గనులు, పరిశోధన, నౌకలు అన్నిటికీ మూలం. అందుకే ఈ మాటలను ఒక్కొక్కటిగా పట్టి చూడాలి.

అపోహ: నివాసయోగ్యత తక్కువగా ఉన్న గ్రహం జోలికి పోకూడదు.

ముందు స్టెల్లారిస్ అనే స్పేస్ స్ట్రాటజీ గేము లెక్క చూద్దాం. మామూలు గ్రహాలు 9 రకాలు, మూడు గుంపులు. పొడి గుంపులో ఎడారి, ఏరిడ్, సవన్నా. తడి గుంపులో సముద్రం, ట్రాపికల్, కాంటినెంటల్. చలి గుంపులో ఆర్కిటిక్, ఆల్పైన్, టండ్రా. జాతికి తన సొంత రకం మీద 80%, అదే గుంపులోని మిగతా రెండిటి మీద 60%, వేరే గుంపుల మీద 20%. ఈ తొమ్మిదిలో లేని గయా అనే ఆదర్శ గ్రహం ఎవరికైనా 100%.

100 నుంచి తగ్గిన ప్రతి 1 శాతానికి ఆ జనాభా పోషణ ఖర్చు 1%, వాళ్లకు కావలసిన సౌకర్యాలు 1% పెరుగుతాయి. ఉద్యోగాల నుంచి వచ్చే రాబడి, జనాభా పెరుగుదల అరశాతం చొప్పున తగ్గుతాయి. ఇది 3వ తరం వెర్షన్ల లెక్క. 2025లో వచ్చిన 4.0 జనాభా పద్ధతినే మార్చేసింది కాబట్టి మీ వెర్షన్‌లో ఆ అంకె మీద మౌస్ పెడితే కనిపించే వివరం (టూల్‌టిప్) ఒకసారి చదువుకోండి. ఈ లెక్కన 60% గ్రహం మీద ఖర్చు 40% ఎక్కువ, రాబడి 20% తక్కువ. 20% గ్రహం మీద ఖర్చు 80% ఎక్కువ, రాబడి 40% తక్కువ, పెరుగుదల కూడా 40% తక్కువ.

ఇది చూసి వదిలేయడమే పొరపాటు. ఆ వెర్షన్లలో ప్రతి కాలనీలో జనాభా దేనికది విడిగా పెరుగుతుంది. పెరుగుదల 40% తగ్గినా, మిగిలిన 60% మీకు అదనంగా వచ్చినట్టే. అక్కడ పుట్టినవాళ్లను మంచి గ్రహంలో ఖాళీగా ఉన్న ఉద్యోగాలకు తరలించుకోవచ్చు. అంటే ఆ గ్రహాన్ని పనికోసం కాకుండా పెంపకం కోసం వాడుకోవాలి.

దెబ్బతినేది ఎక్కడంటే, ఆ గ్రహం మీదే జనాన్ని కుక్కి గనులు, ఫ్యాక్టరీలు కట్టినప్పుడు. సౌకర్యాల కొరత వస్తుంది, దాంతో స్థిరత్వం పడిపోతుంది, అప్పటికే తగ్గిన రాబడి ఇంకా తగ్గుతుంది. అలాంటి చోట ముందు సౌకర్యాలిచ్చే కట్టడం ఒకటి పెట్టి, జనాభాను కొద్దిగానే ఉంచి, మిగతావాళ్లను ఎప్పటికప్పుడు పంపేయాలి. ఇంకో సంగతి: ప్రతి కాలనీ సామ్రాజ్యం పరిమాణాన్ని పెంచుతుంది, దాంతో టెక్నాలజీల ఖరీదు పెరుగుతుంది. 20% గ్రహాలు కనబడ్డవన్నీ ఆక్రమించుకుంటూ పోతే పరిశోధన కుంటుపడుతుంది.

అపోహ: మూడు కొలతల్లో రెండు అద్భుతంగా ఉంటే చాలు.

ఇది 1995 నాటి స్టార్స్! ఆడేవాళ్లలో బాగా కనిపించే పొరపాటు. పాత గేమే, కానీ గ్రహాల ఇష్టాయిష్టాలను ఇంత నికార్సయిన లెక్కతో చూపించిన గేము మాకు ఇంకోటి తెలియదు. డిజైన్ నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా దాని జాతి తయారీ తెర ముందు కూర్చోవాలి. అక్కడ గ్రహాలకు రకాలు లేవు, కొలతలే. గురుత్వం 0.12 నుంచి 8 జీ వరకు, ఉష్ణోగ్రత మైనస్ 200 నుంచి 200 డిగ్రీల వరకు, రేడియేషన్ 0 నుంచి 100 వరకు. ఒక్కో కొలతలో జాతికి ఒక పరిధి ఇస్తాం. పరిధి మధ్యలో ఉన్న విలువ ఆ జాతికి ఆదర్శం, అంచుకు జరిగేకొద్దీ నష్టం.

ఆ నష్టం తిన్నగా పెరగదు. ఒక గ్రహంలో మూడు కొలతలూ మధ్యకీ అంచుకీ సగం దూరంలో ఉంటే విలువ 50% వస్తుంది. ఇంకో గ్రహంలో రెండు కొలతలు సరిగ్గా మధ్యలో ఉండి, మూడోది మాత్రం అంచున ఉంటే 41% దగ్గరే ఆగుతుంది. కారణం, సూత్రంలో సగం దూరం దాటిన కొలతకు అదనంగా ఇంకో కోత పడుతుంది. కాబట్టి టెరాఫార్మింగ్‌కు, అంటే గ్రహాన్ని జాతికి అనుకూలంగా మార్చడానికి, డబ్బు పెట్టేటప్పుడు అన్నిటికంటే అంచున ఉన్న కొలతను ముందు లోపలికి లాగండి. పరిధి దాటిపోయిన గ్రహం విలువ మైనస్‌లోకి వెళ్తుంది, అట్టడుగు మైనస్ 45%. అక్కడ దించిన జనాభాలో ఏడాదికి ఆ విలువలో పదో వంతు, అంటే 4.5% వరకు చనిపోతారు.

అపోహ: మంచి గ్రహం దొరికితే నిండేదాకా అక్కడే పెంచాలి.

స్టార్స్!లో 100% గ్రహం మామూలుగా పది లక్షల మందికి సరిపోతుంది. నాలుగో వంతు నిండేదాకా పూర్తి వేగంతో పెరుగుతారు. ఆ తర్వాత ఇరుకు మొదలవుతుంది. సగం నిండేసరికి వేగం 44%కి, ముప్పాతిక నిండేసరికి 11%కి పడిపోతుంది. ఏటా ఎక్కువమంది పుట్టేది మూడో వంతు నిండినప్పుడు. అంటే 3,30,000 దగ్గర. అక్కడినుంచి పైకి వెళ్లే ప్రతి బ్యాచ్‌నీ ఓడ ఎక్కించి కొత్త గ్రహానికి పంపాలి. 15% వృద్ధి ఉన్న జాతి 100% గ్రహం మీద సుమారు అయిదేళ్లలో రెట్టింపవుతుంది. అదే జాతి 40% గ్రహం మీద వృద్ధి 6%కి దిగి, రెట్టింపుకి 12 ఏళ్లు పడుతుంది. సొంత రకం గ్రహం ఎందుకు విలువైనదో ఈ తేడాలోనే ఉంది.

అపోహ: ఎక్కడైనా బతికే జాతే అన్నిటికంటే బలమైనది.

1993 నాటి మాస్టర్ ఆఫ్ ఓరియన్‌లో సిలికాయిడ్లు అనే రాతి జాతి మొదటి టర్న్ నుంచే ఏ గ్రహం మీదైనా దిగగలరు. మిగతావాళ్లు బారెన్, టండ్రా, డెడ్, ఇన్ఫర్నో, టాక్సిక్, రేడియేటెడ్ అంటూ ఒక్కో మెట్టుకీ టెక్నాలజీ కనిపెట్టుకుంటూ రావాలి. పైగా ఖనిజాలు ఎక్కువున్న గ్రహాలు ఈ భయంకరమైనవాటిలోనే ఎక్కువ దొరుకుతాయి. ఇన్ని వరాలున్నా వాళ్ల జనాభా సగం వేగంతోనే పెరుగుతుంది. కాలనీలు తొందరగా పెడతారు, అవి నిండడానికి మాత్రం చాలాకాలం పడుతుంది. ఆ సమయంలో గట్టి పొరుగువాడు వచ్చి పడితే నిలబడలేరు.

1996లో వచ్చిన రెండో భాగంలో ఈ బేరం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సొంత జాతి తయారు చేసుకోవడానికి 10 పిక్స్, అంటే గుణాలు కొనుక్కునే పాయింట్లు, ఇస్తారు. ఏ వాతావరణమైనా తట్టుకునే టాలరెంట్ గుణానికే ఆ పదీ అయిపోతాయి. నీటి జాతి గుణం అక్వాటిక్ అయితే 5 చాలు. ఆ జాతికి సముద్ర గ్రహం, భూమిలాంటి టెరాన్ గ్రహం రెండూ గయాలా పనిచేస్తాయి, టండ్రా, స్వాంప్ (చిత్తడి) గ్రహాలు టెరాన్‌లా పనిచేస్తాయి. మా లెక్కలో కొత్తగా ఆడేవాళ్లకు అక్వాటికే మేలు. మిగిలిన 5 పిక్స్‌తో ఉత్పత్తికో పరిశోధనకో బలం చేకూర్చుకోవచ్చు.

అపోహ: రాతి జాతులు వేడి గ్రహాలను ఇష్టపడడం శాస్త్రప్రకారమే.

ఆటకు బాగుంటుంది, శాస్త్రం అంతగా ఒప్పుకోదు. కార్బన్ ఆక్సిజన్‌తో కలిస్తే వాయువవుతుంది, ఊపిరితో బయటకు పోతుంది. సిలికాన్ ఆక్సిజన్‌తో కలిస్తే సిలికా అవుతుంది, అది సుమారు 1,700 డిగ్రీల దాకా కరగదు. అలాంటి జీవి వదిలే ప్రతి ఊపిరీ ఇసుకే. పైగా సిలికాన్ గొలుసులు నీరు, ఆక్సిజన్ ఉన్నచోట నిలవవు. గోల్కొండ కొండ, జూబ్లీహిల్స్ బండలు చూడండి. సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్, అందులో 70% దాకా సిలికానే. భూమి పైపొర బరువులో 28% సిలికాన్, కార్బన్ 1% కూడా లేదు. అయినా ఇక్కడి ప్రాణులన్నీ కార్బన్‌నే ఎంచుకున్నాయి.

గ్రహమంతటికీ ఒకే వాతావరణం అన్నదీ ఇలాంటి సర్దుబాటే. స్టెల్లారిస్ భూమిని కాంటినెంటల్ అంటుంది. మే నెల హైదరాబాద్, జనవరి లద్దాఖ్ రెండూ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోవాలి.

అపోహ: ఏ రకం ఎంచుకున్నా ఒకటే.

స్టెల్లారిస్‌లో నివాసయోగ్యత వరకు నిజమే, 9 రకాలకూ అవే అంకెలు. తేడా జిల్లాల్లో, అంటే గ్రహం మీద ఒక్కో పనికి కట్టుకునే ప్రాంతాల్లో వస్తుంది. పొడి గ్రహాల్లో విద్యుత్తుకు, తడి గ్రహాల్లో వ్యవసాయానికి, చలి గ్రహాల్లో గనులకు ఎక్కువ చోటుంటుంది. పొరుగువాడి ఇష్టం కూడా చూసుకోవాలి. ఇద్దరిదీ ఒకే రకమైతే అవే గ్రహాల కోసం కొట్లాట తప్పదు. వేరువేరైతే వలస ఒప్పందం చేసుకుని, వాళ్ల జాతి జనంతోనే మీ కాలనీ షిప్ నింపి, మీకు 20% ఉన్నచోట 80% తో దిగొచ్చు.

స్టెల్లారిస్ ఫైళ్లు మార్చి సొంత మార్పులు (మోడ్) చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. కొత్త రకం గ్రహాన్ని ప్లానెట్ క్లాసుల ఫైల్లో చేర్చి ఊరుకుంటే చాలదు. ప్రతి జాతి ఇష్టాన్నీ చెప్పే ట్రెయిట్‌లో (జాతి గుణంలో) ఆ కొత్త గ్రహం నివాసయోగ్యతా రాయాలి. మరిచిపోతే ఆ గ్రహం మామూలు జాతులకు 0% చూపిస్తుంది, ఏఐ సామ్రాజ్యాలు అటువైపు కన్నెత్తి చూడవు. పరీక్షించేటప్పుడు జాతి ఇష్టం ఒక్కటే మార్చండి, మ్యాప్, ఏఐ దూకుడు, సొంత గ్రహం దగ్గర్లో గ్యారంటీగా దొరికే నివాసయోగ్య గ్రహాల సంఖ్య అలాగే ఉంచండి. మామూలుగా ఆ సంఖ్య 2 ఉంటుంది, దాన్ని 0 చేసి కూడా ఇంకోసారి నడపండి. 30, 60, 100 ఏళ్ల దగ్గర కాలనీలెన్ని, జనాభా ఎంత అని రాసుకోండి. కాలనీలు సమానంగా ఉండి జనాభాలో తేడా ఉంటే దిద్దాల్సింది పెరుగుదల అంకె. కాలనీల్లోనే తేడా ఉంటే ముందు మ్యాప్ మీద ఆ రకం గ్రహాలు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి.