కీళ్లకో చీటీ, కంటికో చీటీ

మొన్న సోమవారం నల్గొండ జిల్లా కేంద్రంలో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి దేవరకొండ వైపు నుంచి ఒక తండ్రి వచ్చాడు. కూతురికి పదకొండేళ్లు. ఆరు నెలలుగా ఎడమ కంటి చూపు తగ్గుతోంది, అద్దాలు పెట్టినా లాభం లేదు. ఆయన పింఛను అడగలేదు, సర్టిఫికెట్ అడగలేదు. బిడ్డకు చూపు ఎందుకు పోతున్నదో కాగితం మీద రాసియ్యమని అడిగాడు. చేతిలో రెండు చీటీలున్నాయి. ఎముకల డాక్టరు రాసిన దాని మీద ‘హైపర్‌మొబైల్ కీళ్లు’ అని, అంటే మామూలు కన్నా ఎక్కువగా వంగే వదులు కీళ్లని ఉంది. కంటి డాక్టరు చీటీలో ‘కన్ను నార్మల్’ అని, కింద చిన్నగా ‘ఫంక్షనల్?’ అని ఉంది. ఆ చివరి మాటకు నాటకం అని అర్థమని ఊళ్లో ఎవరో చెప్పారట. గొడవంతా దాని మీదే.

నల్గొండలో ఎముక, కీలు అనగానే మాట తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ మీదికి పోతుంది. ఆ గోడు వినిపించడానికి 1996లో ఒక్క నల్గొండ లోక్‌సభ సీటుకే 480 మంది పోటీ చేసిన కథ తెలియని వారు లేరు, మళ్లీ ఎత్తుకోను. ఈ పాప తండ్రిని కూడా మొదట తాగే నీళ్ల గురించే అడిగారట. కానీ ఫ్లోరైడ్ కీళ్లను బిగిస్తుంది. ఈ పిల్ల బొటనవేలు వెనక్కి వంగి ముంజేతికి తగులుతుంది, మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు ఆనిస్తుంది. బళ్లో డాన్సులకు ముందు ఈ పిల్లనే పిలిచేవారు.

నా లెక్కలో ఈ తగాదాకు మూలం నీళ్లలో లేదు, 2017 మార్చిలో ఉంది. శరీరాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ వంటి బంధన కణజాలంలో పుట్టుకతో లోపం ఉండే ఎహ్లర్స్-డాన్‌లోస్ జబ్బులను ఆ ఏడాది అంతర్జాతీయ నిపుణులు 13 రకాలుగా విడదీశారు. పన్నెండింటికి జన్యు కారణం దొరికింది. కీళ్ల వదులే ప్రధానంగా ఉండే హైపర్‌మొబైల్ రకానికి మాత్రం ఇంతవరకు రక్త పరీక్ష లేదు, చేత్తో చూసి చెప్పాల్సిందే. అందుకు మూడు షరతులు పెట్టారు. మొదటిది బైటన్ స్కోరు: వేళ్లు, మోచేతులు, మోకాళ్లు, నడుము వంచి చూసి తొమ్మిదికి మార్కులు వేస్తారు. చిన్నపిల్లలకు కనీసం 6 రావాలి, ఎందుకంటే పిల్లల ఒళ్లు మామూలుగానే బాగా వంగుతుంది. రెండోది చర్మం, కుటుంబ చరిత్ర, నొప్పులు వగైరా. మూడోది, ఇలాంటి లక్షణాలే ఉండే వేరే జబ్బులేవీ కావని తేల్చుకోవడం.

మన దగ్గర మొదటి షరతు దగ్గరే పెన్ను ఆగిపోతోంది. వేలు వంగింది, పేరు రాసేశారు. అన్నీ తీసేశాక చివర పెట్టాల్సిన పేరును ముందే పెట్టేశారు. ఆ హైపర్‌మొబైల్ రకం లక్షణాల జాబితాలో చూపు పోవడం లేదు కాబట్టి కంటికీ కీళ్లకూ సంబంధం లేదనుకోవడం మొదలైంది. కానీ మూడో షరతు కింద కావని తేల్చుకోవాల్సిన జబ్బుల్లోనే కన్ను ఉంది.

స్టిక్లర్ జబ్బునే తీసుకోండి. 1965లో అమెరికా డాక్టర్ గున్నార్ స్టిక్లర్ ఒక కుటుంబంలో దీన్ని చూసి రాసినప్పుడు పెట్టిన పొడుగాటి పేరులోనే కీళ్లు, కళ్లు రెండూ ఉన్నాయి. చిన్నప్పుడు కీళ్లు వదులుగా ఉంటాయి, దగ్గరి చూపు అద్దాల పవర్ ఎక్కువగా ఉంటుంది, వినికిడి కొంత తగ్గొచ్చు. అసలు ప్రమాదం కంటి లోపలి తెర, రెటీనా, ఊడిపోవడం. నొప్పి ఉండదు. ఒక కంట్లో ఊడితే రెండో కన్ను పని నడిపిస్తుంది, పిల్లకే తెలియదు. ఈ పిల్లల్లో కొందరికి పుట్టుకతో అంగిలి చీలిక ఉంటుంది. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల ఆరోగ్యం కోసం 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) జాబితాలో ఆ చీలిక ఉంది, ఆపరేషన్ కూడా అవుతుంది. అంగిలి కుట్టిన వాళ్లు కంటి గురించి అడుగుతున్నారా అన్నది వేరే ప్రశ్న. కీళ్ల వదులు ఆ జాబితాలోనే లేదు.

మార్ఫాన్ అనే మరో బంధన కణజాల జబ్బులో కంటి కటకం పక్కకు జరుగుతుంది. బ్రిటిల్ కార్నియా అనే అరుదైన జబ్బులో కంటి ముందుండే పారదర్శక పొర, కార్నియా, పలచబడి, బంతి తగిలినా చిరగొచ్చు. మామూలుగా సుమారు 540 మైక్రాన్లుండే మందం వీళ్లలో తరచూ 400 లోపే. తెల్లగుడ్డు నీలి ఛాయలో ఉంటుంది, కళ్లు ఎంత అందంగా ఉన్నాయో అని మురిసిపోతారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువు వస్తేనే వచ్చే జబ్బు ఇది. మేనరికాలు ఇప్పటికీ జరిగే మన పాలమూరు, నల్గొండల్లో మొదట అడగాల్సిన ప్రశ్న పెళ్లి సంబంధం గురించి. ఈ పాప తల్లిదండ్రులు బావామరదళ్లు. రెండు చీటీల్లోనూ ఆ సంగతి లేదు.

డాక్టర్ల మాటలోనూ నిజం ఉంది. కంట్లో జబ్బేమీ లేకుండానే పిల్లలకు చూపు మందగించడం ఉంది. ‘ఫంక్షనల్’ అంటే అదే. అది అబద్ధమాడటం కాదు, చాలామందికి చూపు తిరిగి వస్తుంది. ఓపీలో వంద మంది నిలబడి ఉంటే అంతకన్నా ఏం చేస్తామన్నది వాళ్ల వాదన.

అయితే ఆ మాట రాసే ముందు చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక రెటీనాను అంచుల దాకా చూడాలి. ఇటు ఆపరేషన్లూ, అద్దాలూ ఇచ్చే శిబిరాల్లో అది కుదరదు. 2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగు లక్షల మందికి అద్దాలు ఇచ్చింది, మంచి పనే. దాంతో పిల్లల చూపంటే అద్దాల నంబరేనని బళ్లోనూ, ఇంట్లోనూ స్థిరపడింది. నంబరుకు లొంగని పిల్ల మాట ఎవరూ నమ్మరు.

అరుదైన జబ్బుల జాతీయ విధానం 2021లో వచ్చింది. దాని కింద హైదరాబాద్‌లో జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిపి ఒక కేంద్రంగా గుర్తింపు పొందాయి. దేవరకొండ నుంచి అక్కడికి దారి చూపే చీటీ మాత్రం ఎవరూ రాయలేదు. తండ్రికి ఆ పేర్లు మొన్న క్యూలో నిలబడ్డప్పుడే తెలిశాయి.

అర్జీ మీద ఎర్ర సిరాతో ‘కంటి విభాగానికి’ అని రాసి పంపారు.