పక్క మీద ఒత్తిగిలితే కళ్లు తిరుగుతున్నాయా? చెవి, విటమిన్ డి: అపోహలు - వాస్తవాలు

అరవై దాటినవాళ్లు మా ఈఎన్‌టీ ఓపీకి వచ్చి తరచుగా చెప్పే మాట: "పక్క మీద కుడివైపు ఒత్తిగిలితే చాలు డాక్టరుగారూ, ఇల్లంతా గిర్రున తిరుగుతోంది." అప్పటికే మెడ ఎక్స్‌రే, రక్తం టానిక్, నెలల తరబడి తల తిరుగుడు మాత్రలు అయిపోయి ఉంటాయి.

అపోహ: మెడ ఎముకలు అరిగినందుకే కళ్లు తిరుగుతాయి.

వాస్తవం: ఆ వయసులో ఎవరి మెడ ఎక్స్‌రే తీసినా అంతోఇంతో అరుగుదల కనిపిస్తుంది. పడుకోగానే, అటక మీది డబ్బా కోసం తలెత్తగానే మొదలై నిమిషంలోపు ఆగిపోయే తిరుగుడు ఎక్కువగా లోపలి చెవిదే. అక్కడ కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు కంటికి ఆనని సన్న రవ్వలా ఒక జిగురు పొరకు అతుక్కుని ఉంటాయి. వయసు మీదపడేకొద్దీ అవి పట్టు సడలి, పక్కనున్న అర్ధవృత్తాకార నాళాల్లోకి జారతాయి. తల కదిపినప్పుడల్లా నాళంలోని ద్రవాన్ని కదుపుతాయి. మనిషి కదలకున్నా తిరుగుతున్నట్టు మెదడుకు కబురు వెళ్తుంది. దీన్నే బీపీపీవీ అంటాం.

అపోహ: విటమిన్ డి వేసుకుంటే ఈ తిరుగుడు తగ్గిపోతుంది.

వాస్తవం: జారిన రవ్వను మాత్ర వెనక్కి తేలేదు, తలను ఒక పద్ధతిలో తిప్పి తేవాలి. ఈమధ్య ఒక పెద్దావిడ తల కుడివైపు తిప్పి, మంచం అంచుకు వాల్చి పడుకోబెట్టాను. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. ఆ తర్వాత కనుగుడ్లు గిలగిలా కొట్టుకోవడం మొదలైంది; ఆవిడ నా మణికట్టు వదల్లేదు. అర నిమిషానికి ఆగింది. అక్కడి నుంచి తలను మెల్లగా ఎడమకు, ఆపైన ఒళ్లంతా ఎడమ పక్కకు తిప్పి, లేపి కూర్చోబెట్టాను. దీని పేరు ఎప్లీ విధానం. పది నిమిషాల పని. ఏ చెవో తేలకుండా వీడియో చూసి ఇంట్లో చేయకండి.

మరి విటమిన్ డి ఎందుకు? తిరగబెట్టకుండా ఉండటానికి. దక్షిణ కొరియాలో 957 మంది మీద జరిపి 2020లో ప్రచురించిన పరిశోధనలో, మిల్లీలీటరు రక్తంలో విటమిన్ డి 20 నానోగ్రాములకన్నా తక్కువ ఉన్నవారికి ఏడాదిపాటు రోజుకు రెండుసార్లు 400 యూనిట్ల విటమిన్ డి, 500 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ ఇచ్చారు. ఇవ్వని గుంపులో ఏడాదికి సగటున 1.10 సార్లు తిరగబెడితే, పరీక్ష చేసి అవసరమైనవారికి ఇచ్చిన గుంపులో 0.83 సార్లే. పూర్తిగా ఆగలేదు, తగ్గింది. పడితే తుంటి విరిగే వయసులో ఆ తగ్గుదల నాకు చిన్నదనిపించదు.

అపోహ: విటమినే కదా, ఎంత వేసుకున్నా పర్లేదు.

వాస్తవం: 60,000 యూనిట్ల మందు కొన్ని వారాలకని రాస్తాం. పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి కొనుక్కునేవాళ్లున్నారు. ఇది ఒంట్లో కొవ్వులో నిలవ ఉండే విటమిన్. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, మలబద్ధకం, మతిమరుపు వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

అపోహ: మన ఎండలకు లోపమేమిటి?

వాస్తవం: పొద్దున్నే తగిలే లేత ఎండలో, కిటికీ అద్దంలోంచి పడే ఎండలో విటమిన్ డి దాదాపు తయారవదు. ముసలి చర్మం తయారుచేసేదీ తక్కువే.

అపోహ: విటమిన్ డితో తగ్గిన వినికిడి తిరిగొస్తుంది.

వాస్తవం: రాదు. వయసు చెవుడుకు వినికిడి పరీక్ష, అవసరమైతే వినికిడి యంత్రం.

తిరుగుడుతోపాటు మాట తడబడినా, వస్తువు రెండుగా కనిపించినా, చెయ్యి పట్టు తప్పినా, నిలబడలేకపోయినా అది పక్షవాతం కావచ్చు. నా ఓపీ కోసం ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.