స్టీల్ తూటా వాడితే పిస్టల్ మొరాయిస్తుందా? అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో పిస్టళ్లు, రివాల్వర్లు సర్వీసింగ్ చేసే ఆర్మరర్‌ని. ఈమధ్య లైసెన్స్‌దారులు తరచూ అడుగుతున్నారు: "అన్నా, స్టీల్ కేస్ తూటాలు వాడితే గన్ పాడైపోతుందట కదా?" కేస్ అంటే తూటాలో మందు ఉండే లోహపు గొట్టం, బుల్లెట్ దాని మూతిలో కూర్చుంటుంది. ఈ భయం ఎక్కువగా అమెరికా వీడియోల నుంచి వచ్చింది. అక్కడ రష్యా స్టీల్ తూటాలు ఏళ్ల తరబడి చవగ్గా దొరికాయి. మన దగ్గర సామాన్య పౌరులకు 9 ఎం.ఎం. పారాబెల్లం నిషిద్ధ బోరు. లైసెన్స్ మీద ఎక్కువమంది దగ్గర ఉండేది .32, దానికి మామూలుగా దొరికేవి ఇత్తడి కేస్ తూటాలే. అయినా ఈ సంగతి తెలుసుకోవాలి. స్టీల్ కేస్ ఎందుకు ఇరుక్కుంటుందో అర్థమైతే, ఇత్తడి తూటా ఎందుకు ఇరుక్కుంటుందో కూడా తెలుస్తుంది.

అపోహ: స్టీల్ కేస్ మీది లక్కర్ పూత వేడికి కరిగి చాంబర్‌లో (పేలే ముందు తూటా కూర్చునే గది) అంటుకుంటుంది.

వాస్తవం: అంటుకునేది పూత కాదు, మసి. పేలిన క్షణంలో 9 ఎం.ఎం. తూటాలో ఒత్తిడి 2,350 బార్ దాకా పోవచ్చు. ఆ ఒత్తిడికి కేస్ ఉబ్బి చాంబర్ గోడకు అతుక్కుంటుంది, గ్యాస్ వెనక్కి రాకుండా ఆపుతుంది. ఒత్తిడి పడిపోగానే కాస్త ముడుచుకుని వదులవుతుంది. ఇత్తడి ఈ రెండు పనులూ చక్కగా చేస్తుంది. స్టీల్ బిరుసు. గోడకు సరిగ్గా అతుక్కోదు, ఉబ్బాక ఇత్తడి ముడుచుకున్నంతగా ముడుచుకోదు.

పేల్చిన ఖాళీ కేస్‌లు రెండు రకాలవీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇత్తడి దానికి మూతి దగ్గర మాత్రమే సన్నని నల్ల పట్టీ ఉంటుంది. స్టీల్ దానికి చాలాసార్లు ఆ నలుపు పక్క గోడ మీద కిందిదాకా జారి ఉంటుంది. అంత మసీ చాంబర్‌లోకి కూడా చేరినట్టే. స్టీల్ తూటాలు చాలాసేపు కాల్చి, తుడవకుండా వెంటనే ఇత్తడివి వేస్తే, బాగా ఉబ్బే ఇత్తడి ఆ మసి పొరలో బిగుసుకుపోతుంది. నింద మాత్రం లక్కర్ మీద పడుతుంది.

అపోహ: అయితే స్టీల్ తూటా ఏ పిస్టల్‌లోనైనా ఇరుక్కుంటుంది.

వాస్తవం: ఇది కేస్ ఆకారం మీద, పిస్టల్ డిజైన్ మీద ఆధారపడి ఉంటుంది. 9 ఎం.ఎం. పారాబెల్లం కేస్ అడుగున 9.93 మి.మీ., మూతి దగ్గర 9.65 మి.మీ. ఆ చిన్న వాలు వల్ల వెంట్రుకవాసి కదిలినా కేస్ వదులైపోతుంది. సోవియట్ మకరోవ్ పిస్టల్ తూటా కేస్ దాదాపు నిటారుగానే ఉంటుంది, అయినా ఆ పిస్టల్ దశాబ్దాలుగా స్టీల్ తూటాలతో నడిచింది. అది బ్లోబ్యాక్ పిస్టల్, కేసే స్లయిడ్‌ని (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి తోస్తుంది, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేస్‌ని లాగే కొక్కెం) లాగాల్సింది తక్కువ. రివాల్వర్ సంగతి వేరు. అన్ని ఖాళీ కేస్‌లనీ ఒకేసారి చేత్తో బయటికి తోయాలి కాబట్టి ఒక్కటి మొండికేసినా వాటిని తోసే రాడ్ కదలదు.

అపోహ: స్టీల్ కేస్ బ్యారెల్‌ని అరగదీస్తుంది.

వాస్తవం: కేస్ బ్యారెల్ గాడిలోకి వెళ్లనే వెళ్లదు. వెళ్లేది బుల్లెట్. చవక తూటాల్లో చాలావాటికి బుల్లెట్ తొడుగు రాగి పూసిన స్టీల్‌తో ఉంటుంది, అరుగుదల దానివల్ల. రైఫిల్‌లో ఆ తేడా బాగా కనిపిస్తుంది. పిస్టల్‌లో వేగం, మందు వేడి రెండూ చాలా తక్కువ, అందుకే అరుగుదలా నెమ్మది. ఎక్స్‌ట్రాక్టర్ మీద కొంత భారం పెరిగే మాట నిజమే, కానీ అది గట్టిపరిచిన ఉక్కు, కేస్‌ది మెత్తటి ఉక్కు. పైగా అది మార్చుకోగల పార్టు.

అపోహ: తెల్లగా మెరిస్తే స్టీలే.

వాస్తవం: నికెల్ పూసిన ఇత్తడి కేస్ కూడా తెల్లగానే మెరుస్తుంది. రాగి పూసిన స్టీల్ కేస్ చూడ్డానికి ఇత్తడిలాగే ఉంటుంది. అయస్కాంతం పెట్టి చూడండి, కేస్‌కి వేరుగా, బుల్లెట్‌కి వేరుగా.

అపోహ: స్టీల్ కేస్ అంటేనే నాసిరకం.

వాస్తవం: రెండో ప్రపంచ యుద్ధంలో రాగి కొరత వస్తే జర్మనీ 9 ఎం.ఎం. తూటాలు స్టీల్‌తో చేసింది. అమెరికా కూడా ఇవాన్స్‌విల్‌లో .45 తూటాలు స్టీల్ కేస్‌తో తయారుచేసింది. సైన్యాలు వాటితోనే యుద్ధం చేశాయి.

నా దగ్గరికి "పేలడం లేదు" అని వచ్చే పిస్టళ్లలో నేను ముందు చూసేది తూటాని కాదు, స్ప్రింగ్‌ని. ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలని పిన్నుని కొట్టే హ్యామర్‌కి మెత్తటి స్ప్రింగ్ వేయించుకుంటారు. స్టీల్ తూటాల్లో ఎక్కువగా ఉండే గట్టి ప్రైమర్‌కి (కేస్ అడుగున ఉండి, పిన్ను దెబ్బకి మందు అంటించే చిన్న టోపీ) ఆ దెబ్బ చాలదు. ప్రైమర్ మీద పిన్ను గుంట లోతు చూస్తే తెలిసిపోతుంది.

అపోహ: తూటాలకు నూనె రాస్తే ఇరుక్కోవు, వానాకాలంలో తుప్పూ పట్టదు.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. నూనె ఉంటే కేస్ గోడను పట్టుకోదు, ఆ తోపు మొత్తం స్లయిడ్ మీద పడుతుంది. పైగా నూనె ప్రైమర్‌లోకి ఇంకితే తూటా పేలదు. పుల్‌త్రూకి (బ్యారెల్ లోంచి లాగే తాడు) చిందీ, అంటే గుడ్డపీలిక, కట్టి, చాంబర్‌ని ముందు బ్రష్‌తో రుద్ది, తర్వాత పొడిగా తుడవండి. నూనె వేయాల్సింది స్లయిడ్‌కీ, అది జారే పట్టాలకే. ఎప్పుడైనా ట్రిగ్గర్ నొక్కాక తూటా పేలకపోతే కంగారుగా స్లయిడ్ లాగొద్దు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆ తర్వాతే తూటా బయటికి తీయండి. దాన్ని మళ్లీ మ్యాగజైన్‌లో వేయకుండా రేంజ్ ఆఫీసర్ చేతికి ఇవ్వండి.