సిమ్ ఎవరి పేరు మీద ఉందమ్మా? గృహహింస గురించి ఫోన్ కౌంటర్‌లో కొన్ని అపోహలు, వాస్తవాలు

మొబైల్ స్టోర్‌లో పోస్ట్‌పెయిడ్ కౌంటర్ నాది. ఫోన్ కింద పడిందంటూ వచ్చే ఆడవాళ్లలో కొందరి ఫోన్లు కింద పడినవి కావు. వాళ్లు చెప్పరు, మేం గుచ్చి అడగం. పగిలిన స్క్రీన్ మాత్రం కౌంటర్ మీద ఉంటుంది.

అపోహ: అది మొగుడూపెళ్లాల గొడవ, ఫోన్ కంపెనీకేం సంబంధం?

సంబంధం నా కంప్యూటర్‌లోనే కనిపిస్తుంది. పదేళ్లుగా ఆ నంబర్ వాడేది ఆమె, రికార్డులో పేరు ఆయనది. బ్యాంకు ఓటీపీలు, పిల్లల స్కూల్ మెసేజ్‌లు అన్నీ దానికే వస్తాయి. ఆయన వచ్చి సిమ్ పోయిందని డూప్లికేట్ తీసుకుంటే చాలు, ఆమె చేతిలోని సిమ్ మూగబోతుంది. 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి, ఆ తర్వాత ఓటీపీలన్నీ ఆయన ఫోన్‌కే. రూల్ ప్రకారం నేను ఇవ్వాల్సిందే.

ఆయన ఒప్పుకోకుండా ఆ నంబర్‌ను ఆమె పేరుకు మార్చే అధికారం నాకు లేదు. ఆమె ఆధార్‌తో కొత్త సిమ్ ఇవ్వగలను. పాతది పని చేస్తుండగానే బ్యాంకులో, ఆధార్‌లో, వాట్సాప్‌లో నంబర్ మార్చుకోమని చెప్పగలను. కోపంలో పాత సిమ్ విరిచేసి వచ్చినవాళ్ల కష్టాలు చూశాను.

అమెరికాలో 2022లో సేఫ్ కనెక్షన్స్ యాక్ట్ తెచ్చారు. బాధితురాలు కాగితాలతో అడిగితే ఫ్యామిలీ ప్లాన్ నుంచి ఆమె లైన్‌ను, ఆమె దగ్గరున్న పిల్లల లైన్లను 2 పనిదినాల్లో విడదీయాలి. ప్లాన్ ఎవరి పేరున ఉంటే వాళ్ల అనుమతి అడగక్కర్లేదు, ఫీజు తీసుకోకూడదు. పోలీసు రిపోర్టే కావాలని లేదు, లైసెన్సున్న సోషల్ వర్కర్ సంతకం చేసిన అఫిడవిట్ కూడా చెల్లుతుంది. భర్త ప్లాన్‌లో ఉన్న మన అమ్మాయిలు అక్కడ చాలామందే, వాళ్లకు ఈ మాట చేరాలి.

అపోహ: వెరిఫికేషన్ ప్రశ్నలు ఉన్నాయి కాబట్టి వివరాలు బయటికి పోవు.

ఆ ప్రశ్నలు ముక్కూమొహం తెలియనివాళ్లను ఆపడానికి పెట్టినవి. పుట్టినతేదీ, ఆధార్ చివరి అంకెలు, తల్లి పేరు... ఇవి తెలియని భర్త ఉంటాడా? ఒకామె పుట్టింటికి వెళ్లిపోయి, బిల్లు అడ్రస్ మార్పించుకుంది. నాలుగు రోజులకు ఆయన ఫోన్ చేశాడు. అన్నిటికీ కరెక్ట్‌గా జవాబులు చెప్పి, "బిల్లు రావట్లేదు, ఏ అడ్రస్‌కు పంపుతున్నారు?" అన్నాడు. మా కుర్రాడు చదివి వినిపించాడు. మర్యాదగా, థ్యాంక్యూ కూడా చెప్పి. అప్పటినుంచి మా స్టోర్‌లో ఫోన్‌లో అడ్రస్ చదవం, మీరే చెప్పండి, సరిపోల్చుకుంటాం అంటాం.

అపోహ: ఏదో స్పై యాప్ వేసుంటాడు, ఫోన్ మార్చేస్తే సరి.

చాలాసార్లు అంత తెలివి అక్కర్లేదు. కంపెనీ యాప్ ఆయన ఫోన్‌లో లాగిన్ అయి ఉంటుంది, లేదా బిల్లు ఆయన మెయిల్‌కు పోతుంటుంది. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూస్తే తెలియని కంప్యూటర్ ఒకటి కనిపిస్తుంది. కాల్స్ ఫార్వర్డ్ అవుతుంటే ##002# కొడితే పోతుంది. కానీ నేను గబగబా తీసేయను. తీసిన సంగతి ఆయనకు తెలిస్తే ఆ రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో ఆమెకే తెలుసు. ఏముందో చూపిస్తాను, ఎప్పుడు తీయాలో ఆమే చెప్తుంది.

అపోహ: మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరున్న కార్డు చేతిలో పెడితే సాయం చేసినట్టే.

ఆ కార్డు హ్యాండ్‌బ్యాగ్‌లో దొరుకుతుంది. ఆమె ఫోన్‌లోంచి చేస్తే కాల్ లాగ్‌లో ఉంటుంది. అందుకే స్టోర్ ల్యాండ్‌లైన్ ఆమె వైపు జరిపి, పని ఉన్నట్టు లోపలికి వెళ్తాను.

ఇంకొకటి, మాకూ ఆలస్యంగా తట్టింది. స్టోర్‌కు ఎవరొచ్చినా కంప్లయింట్ ఎంటర్ చేయగానే "మా స్టోర్‌కు వచ్చినందుకు ధన్యవాదాలు" అని రికార్డులో ఉన్న ఆల్టర్నేట్ నంబర్‌కు మెసేజ్ పోతుంది. ఆ నంబర్ ఎక్కువగా ఆయనదే. ఇప్పుడు కీబోర్డ్ ముట్టకముందే అడుగుతున్నాను: "ఈ నంబర్‌కు మెసేజ్ వెళ్తుంది, పర్లేదా అమ్మా?"