ఫార్మసిస్టు పోస్టులు, అసెంబ్లీ ప్రశ్నలు: అపోహలు - వాస్తవాలు

నేను కోనసీమలో ఒక పీహెచ్‌సీ ఫార్మసిస్టుని. అసెంబ్లీ సమావేశాలు మొదలైతే చాలు, మందుల కిటికీ దగ్గర ఇదే మాట: "ఆయ్, మన ఎమ్మెల్యే గారు అడిగేరంటండి, ఇంక ఖాళీలన్నీ నింపేస్తారు కదండీ?"

అపోహ: మందులివ్వడమేగా, ఎవరైనా ఇస్తారు.

వాస్తవం: 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ మీద మందివ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టు. డాక్టరు తన రోగులకు తానే ఇవ్వడానికి మినహాయింపు ఉంది. చట్టం సంగతి అలా ఉంచి, పని చూడండి. గోదావరి మధ్య లంక నుంచి పడవ దాటి వచ్చిన మామ్మగారికి షుగరుకి మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్ రాశారు. రెండూ తెల్ల బిళ్లలే. ఆవిడకి చదువు రాదు. స్ట్రిప్పు కత్తిరించి ఇవ్వాలి. చాలా స్ట్రిప్పుల మీద ఎక్స్‌పైరీ తేదీ ఒక చివరే ఉంటుంది. ఆ చివర మన దగ్గర మిగిలేలా కత్తిరించి, తేదీ ఆవిడ కవరు మీద రాయాలి. నేనైతే పొద్దుటి మందు కవరు మీద సూర్యుణ్ణి, రాత్రి మందు మీద చంద్రుణ్ణి గీస్తాను. పోస్టు ఖాళీ అయితే ఇదంతా స్టాఫ్ నర్సు మీద పడుతుంది. ఆవిడకి అప్పటికే కట్లు, ఇంజెక్షన్లు, కాన్పులు ఉంటాయి.

అపోహ: మందు లేదన్నాడంటే దాచేశాడు.

వాస్తవం: రాష్ట్రంలో ప్రభుత్వ ఆస్పత్రులకి మందులు కొనేది ప్రభుత్వ సంస్థ ఏపీఎంఎస్‌ఐడీసీ. ఏ మందు ఎంత కావాలో మేం ఇండెంటు పెడతాం, సెంట్రల్ డ్రగ్ స్టోర్ నుంచి వస్తాయి. జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే లంకలకి దారి మూసుకుపోతుంది. ఓఆర్ఎస్, పాముకాటు మందు ముందే తెప్పించుకోవాలి. ఇండెంటు పెట్టే మనిషే లేనిచోట ఎవరు చూస్తారు?

అపోహ: సభలో అడిగితే పోస్టు వచ్చేసినట్టే.

వాస్తవం: అడిగితే వచ్చేది సమాధానం. పోస్టుకి ఆర్థిక శాఖ అనుమతి, నోటిఫికేషన్, మెరిట్ లిస్టు, రిజర్వేషన్ల రోస్టరు అన్నీ కావాలి. అలాగని ప్రశ్న దండగ కాదు. అది ఎల్‌ఏక్యూ (అసెంబ్లీ ప్రశ్న) పేరుతో ఆరోగ్య శాఖ నుంచి డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆఫీసుకి, అక్కణ్ణించి మా దాకా దిగుతుంది. "ఈ పూటే పంపండి" అని వాట్సాప్‌లో ఒకటే టెన్షన్. ఖాళీల లెక్క తేలేది అప్పుడే.

అసలు కిటుకు ప్రశ్న రాయడంలో ఉంది. "ఖాళీలున్నాయా?" అంటే "లేవు" అని జవాబు రావచ్చు. మనిషి డిప్యుటేషన్ మీద ఇంకోచోట ఉన్నా, కాగితం మీద ఆ పోస్టు నిండినట్టే మరి. మంజూరైనవెన్ని, రెగ్యులర్ ఎంతమంది, కాంట్రాక్టు ఎంతమంది, డిప్యుటేషన్ మీద వెళ్లినవాళ్లెందరు అని ఆస్పత్రులవారీగా అడగాలి.

అపోహ: ఎంపీ గారు ఢిల్లీలో అడిగితే ఇంకా బలం.

వాస్తవం: ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కేంద్ర మంత్రి ఆ మాటే చెప్పి ఊరుకోవచ్చు. ఎమ్మెల్యేనో, తూర్పు-పశ్చిమ గోదావరి పట్టభద్రుల ఎమ్మెల్సీనో పట్టుకోండి. బీఫార్మసీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు ఓటేసేది ఆ ఎమ్మెల్సీకేగా.

అపోహ: "పరిశీలనలో ఉంది" అన్నారంటే ఇంక అంతే సంగతులు.

వాస్తవం: లోక్‌సభలో అయితే ఆ మాటని హామీ కిందే లెక్కేస్తారు. సభలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారా అని చూసే ప్రభుత్వ హామీల కమిటీ మన అసెంబ్లీకీ ఉంది. జవాబు కాపీ దాచుకుని, మళ్లీ సమావేశాలొచ్చినప్పుడు తేదీతో సహా మీ ఎమ్మెల్యే గారి చేతిలో పెట్టండి.