కాస్‌వర్త్ డీఎఫ్‌వీ: అపోహలు - వాస్తవాలు

రేసింగ్ ఇంజన్లు విప్పి బిగించడమే నా పని. ఫార్ములా 1 గురించి ఎవరితో మాట్లాడినా డీఎఫ్‌వీ అనే వీ8 రేసింగ్ ఇంజన్ (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు) పేరు రాకుండా ఉండదు, దాని వెంటే ఐదు తప్పుడు మాటలూ వస్తాయి.

అపోహ: అది ఫోర్డ్ తయారుచేసిన ఇంజన్.

పైన ఫోర్డ్ అని రాసి ఉంటుంది, నిజమే. లోటస్ రేసింగ్ టీమ్ అధినేత కోలిన్ చాప్‌మన్ అడిగితే ఫోర్డ్ లక్ష పౌండ్లు పెట్టింది. డిజైన్ మాత్రం కీత్ డక్‌వర్త్‌ది, తయారీ నార్తాంప్టన్‌లోని కాస్‌వర్త్‌ది.

అపోహ: లోటస్ డ్రైవర్ జిమ్ క్లార్క్ దీంతో ఛాంపియన్ అయ్యాడు.

కాలేదు. 1967 జూన్ 4న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్‌లో ఈ ఇంజన్ మొదటి రేసు. పోల్‌లో, అంటే అందరికంటే ముందు స్థానంలో మొదలుపెట్టిన మరో లోటస్ డ్రైవర్ గ్రాహమ్ హిల్ కారు టైమింగ్ గేర్ల దగ్గర దెబ్బతిని మధ్యలోనే ఆగిపోతే, ఆ వారాంతం ముందు ఆ కారును ఒక్కసారి కూడా నడపని క్లార్క్ గెలిచేశాడు! ఆ ఏడాది అతనివి మొత్తం నాలుగు విజయాలు, అయినా కొత్త ఇంజన్ పదేపదే మొరాయించడంతో టైటిల్ డెనీ హల్మ్‌కి పోయింది. 1968 ఏప్రిల్‌లో హోకెన్‌హైమ్‌లో ఒక ఫార్ములా 2 రేసులో క్లార్క్ చనిపోయాడు. డీఎఫ్‌వీకి మొదటి టైటిల్ ఆ ఏడాది హిల్ తెచ్చాడు. క్లార్క్‌కి దక్కాల్సింది అని నాకు ఇప్పటికీ బాధే.

అపోహ: అందరికంటే ఎక్కువ పవర్ ఉంది కాబట్టే గెలిచింది.

అన్నిటికంటే ఎక్కువ వినిపించేది ఇదే. మొదట్లో 3 లీటర్లకి సుమారు 400 హార్స్‌పవర్, అది గొప్పే. కానీ 1970ల మధ్యకి ఫెరారీ ఫ్లాట్ 12 (పన్నెండు సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే ఇంజన్) పవర్‌లో దీన్ని దాటేసింది. డీఎఫ్‌వీ బలం దాన్ని కారులో కూర్చోబెట్టిన తీరులో ఉంది. కారు వెనక భాగంలో వేరే ఛాసిస్ (కారు అస్థిపంజరం) ఉండదు, ఇంజనే ఛాసిస్, గేర్‌బాక్సూ వెనక సస్పెన్షనూ దాన్ని పట్టుకునే నిలబడతాయి. ముందువైపు కింద బోల్టులు, పైన హెడ్ల దగ్గర సన్నటి స్టీల్ ప్లేట్లు. ఆ ప్లేట్లు ఎందుకంటే, ఇంజన్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, ముందున్న టబ్ (డ్రైవర్ కూర్చునే భాగం) అంతగా వ్యాకోచించదు, ఆ తేడాని ప్లేట్లు కొద్దిగా వంగి సర్దుకుంటాయి. ఇంజన్‌ని ఇలా వాడటం ఇదే మొదటిసారి కాదు, 1966లో లోటస్ 43 అప్పటికే చేసింది, కాకపోతే అందులో ఉన్న బీఆర్ఎం హెచ్16 (పదహారు సిలిండర్ల ఇంజన్) విపరీతమైన బరువు. పైగా వీ8 కింద సన్నగా ఉంటుంది కాబట్టి, గ్రౌండ్ ఎఫెక్ట్ కార్లు (కింద పారే గాలితో నేలకి అతుక్కుని పరిగెత్తేవి) వచ్చాక రెండు పక్కలా గాలి దారులకి చోటు దొరికింది, వెడల్పాటి ఫ్లాట్ 12కి అది కుదరలేదు. 1978లో మారియో ఆండ్రెట్టి ఛాంపియన్ అయింది అలాంటి కారుతోనే.

అపోహ: లోటస్‌కి మాత్రమే ఇచ్చారు.

మొదటి ఏడాది వరకే. 1968 నుంచి మెక్‌లారెన్, మాట్రా కూడా కొనుక్కున్నాయి, తర్వాత డబ్బున్న ప్రతి చిన్న టీమూ కొన్నది. 1969లో, 1973లో ఛాంపియన్‌షిప్ రేసులన్నీ ఈ ఇంజన్ కార్లే గెలిచాయి.

అపోహ: టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే ఇంజన్) రాగానే దీని పని అయిపోయింది.

రెనో టర్బో 1977లో వచ్చింది. ఆ తర్వాత కూడా 1980లో అలన్ జోన్స్, 1981లో నెల్సన్ పికే, 1982లో కేకే రోస్‌బర్గ్ డీఎఫ్‌వీతోనే ఛాంపియన్లు. రోస్‌బర్గ్ ఆ ఏడాది గెలిచింది ఒక్క రేసే. చివరి విజయం, 155వది, 1983లో డెట్రాయిట్‌లో టిరెల్ కారులో మికేలె అల్బొరెటోది, అప్పటికి ఇంజన్‌ని కాస్త మార్చి డీఎఫ్‌వై అని పిలిచేవారు.